చెమర్చని కుండలు

అశ్విని కార్తె, నాలుగో రోజు

పొగ: లేదు. ఇది 2,914వ రోజు.
మొక్కలు: 1,200లో బతికి ఉన్నవి 1,031.

పై రెండు వరుసలు రాస్తే చాలని జిల్లా వారి ఉత్తర్వు. కింద 'ఇతర విశేషాలు' అని నాలుగు వేళ్ల జాగా వదిలారు. ఇన్నేళ్లూ ఆ జాగాలో 'ఏమీ లేవు' అని రాస్తూ వచ్చాను. ఇవాళ్టి నుంచి ఆ జాగా నాకు చాలదు. కాగితాలు అతికించుకుంటాను. పై అధికారులు కోప్పడితే కోప్పడనీ. వాళ్లు ఈ పుస్తకం తెరిచిన దాఖలా ఎనిమిదేళ్లలో ఒక్కటీ లేదు.

నా పేరు బుచ్చిలింగం. మొగులుకుంట గ్రామానికి నీడ అధికారిని. హోదా వినడానికి గొప్పగానే ఉంటుంది. పని మాత్రం రెండు ముక్కలు: ఊళ్లో పొగ లేకుండా చూడటం, చెట్లు ఉండేలా చూడటం. మొదటిది సులువు. పంచాయతీ మేడ మీద గాలికన్ను ఉంది. ఏ ఇంటి వెనక బీడీ వెలిగినా అది కూత పెడుతుంది. దేవుడి దగ్గర దీపానికీ అగరుబత్తికీ మినహాయింపు ఉంది. పెళ్లి హోమానికి నెల ముందు అర్జీ పెట్టుకోవాలి. మిగతా వంటంతా ఎండతో కాగే అద్దాల పొయ్యి మీదే.

రెండోదే కష్టం. ఊరి నుంచి పెద్దరోడ్డు దాకా రెండు మైళ్ల దారికి చెరో పక్కా ఆరు వందల మొక్కలు పెట్టాం. కానుగ, వేప, చింత. అరవై ఇళ్లకు ఇంటికి ఇరవై చొప్పున పంచాం. ప్రతి మొక్క పక్కనా మెడ దాకా పాతిన కుండ ఒకటి ఉంటుంది. స్నానం చేసిన నీళ్లు మూడు రోజులకోసారి అందులో పోయాలి. మొక్క మొదలు దగ్గర పోస్తే, పది గంటలకు ఎండ ముదిరిందని ఎండగంట మోగి జనం లోపలికి చేరేసరికే ఆవిరైపోతాయి. కుండలో పోస్తే కుండ మెల్లగా చెమర్చి ఆ తడి వేరుకు అందుతుంది.

మృగశిర మొదటి రోజున జిల్లా నుంచి పరిశీలన ఉంది. ఏడు వందల ఇరవై మొక్కలు బతికి ఉంటే మొగులుకుంట ఇక్కడే ఉంటుంది. ఒక్కటి తగ్గినా తరలింపు జాబితాకు ఎక్కుతుంది. నీడలేని ఊరిని చల్లగా ఉంచడానికి అయ్యే కరెంటు జిల్లాకు బరువట. అరవై ఇళ్లనూ పట్నంలోని చల్లమేడలకు పంపిస్తారు. పోయినేడు తరలిన పక్క ఊరివాళ్లు అక్కడ బాగానే ఉన్నామంటున్నారు. కాకపోతే 'బాగానే' అన్న మాటకు ముందు కాసేపు ఆగుతున్నారు.

ఈ వారంలోనే నలభై మొక్కలు వాడిపోయాయి. కారణం తెలియడం లేదు. అందరూ నీళ్లు పోస్తున్నామనే అంటున్నారు.

భరణి కార్తె, మొదటి రోజు

పొగ: లేదు. 2,925వ రోజు.
మొక్కలు: 948.

పొద్దున్నే సర్పంచ్ కిష్టమ్మతో గొడవ పెట్టుకున్నాను. ఆమె వంతు ఇరవైలో తొమ్మిది ఎండిపోయాయి. సర్పంచే నీళ్లు ఎగ్గొడితే ఊరికేం చెబుతామని నలుగురిలో అడిగేశాను. నాకు నోటి దురుసు కొంచెం ఎక్కువ.

ఆమె నా చెయ్యి పట్టుకుని దారి మీదకు లాక్కుపోయింది. ఎండిన వేప మొక్క దగ్గర వంగి కుండ మీది మూకుడు తీసింది.

"సూడు బుచ్చన్నా. నువ్వే సూడు. మొన్న వోసిన నీళ్లు."

కుండ అంచుదాకా నిండుగా ఉంది. నిండుగా కనిపిస్తే ఇంట్లో ఇంకెవరో పోశారనుకుని ఇన్నాళ్లూ మూకుడు మూసి వచ్చేస్తున్నారట.

ఇంకో కుండ మూత తీశాను. అదీ అంతే. పలుగు తెప్పించి ఒకదాన్ని తవ్వి పైకి తీశాను. లోపల నీళ్లు తొణుకుతున్నాయి, బయటి గోడ మాత్రం పొడిగా ఉంది. చుట్టూ మట్టి పిండిలా రాలింది. మొక్క వేరు వచ్చి కుండ గోడను చుట్టుకుని, అక్కడే ఎండిపోయింది. జానెడు దూరంలో నీళ్లు పెట్టుకుని అది దాహంతో చచ్చిపోయింది.

ఆ కుండను ఇంటికి మోసుకొచ్చాను.

ఈ కుండలు శివరాత్రికి పట్నం ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. కరెంటు కొలిమిలో కాల్చినవి. అన్నీ కవలపిల్లల్లా ఒక్క తీరుగా ఉన్నాయి. పంచాయతీ కమిటీ ఒక్కో కుండలో నీళ్లు పోసి, అడుగున కాగితం పరిచి, రాత్రంతా ఉంచింది. తెల్లారి కాగితం మీద మరక లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కుమ్మరి ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి ఆఖరి మాట నన్నే చెప్పమన్నారు. వేలి కణుపుతో కొట్టి చూశాను. కంగుమని మోగింది. మా అమ్మ వండుకునే కుండల్ని అలాగే కొట్టి చూసేది. మోగితే కొనేవాళ్లకు ఇచ్చేది, మోగకపోతే పక్కన పెట్టేది. నేను మురిసిపోయి 'శ్రేష్ఠం' అని రాసి సంతకం పెట్టాను.

వేరు కోసం చెమర్చాల్సిన కుండను ఒక్క చుక్క కారడం లేదని మెచ్చుకుని తెచ్చిన మొనగాణ్ని నేను. నా సిగ్గు ఎవరితో చెప్పుకోను.

భరణి కార్తె, నాలుగో రోజు

పొగ: లేదు. 2,928వ రోజు.
మొక్కలు: 926.

జిల్లాకు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. కుండలు పరీక్షలో నెగ్గాయట. నీళ్లు కారే కుండ లోపమున్న కుండ కింద లెక్కట, అలాంటివి తయారు చేయించడానికి నిబంధన ఒప్పుకోదట. మార్చాలంటే వచ్చే ఏడు కొత్తగా అర్జీ పెట్టుకోవాలట. చివర 'పచ్చదనమే మన ధనం' అని అచ్చు వేశారు.

మన ఊళ్లో కరెంటు కొలిమి పెట్టే వీలు లేదు. ఇంటి కప్పుల మీది కరెంటు పలకలన్నీ కలిపినా దానికి చాలవు. ఇక ఈ చుట్టుపక్కల చెమర్చే కుండ చేయగల మనిషి ఒక్కరే ఉన్నారు. మా అక్క బాలవ్వ.

ఆమె ఇల్లు నా ఇంటికి రెండు వీధుల అవతల. ఎనిమిదేళ్లుగా నేను ఆ గడప తొక్కలేదు.

జిల్లా పొగమాన్పు ఉత్తర్వు వచ్చిన ఏడాది, మండలంలో ఆఖరున మిగిలిన పొగ మా అక్క ఆవానిదే. కుండలు కాల్చే ఆ ఆవం మా అమ్మ కట్టింది. దాన్ని పడగొట్టే మనిషి పట్నం నుంచి వస్తానన్నాడు. వద్దు, నేనే చేస్తానన్నాను. పరాయివాడి చేతిలో అయితే అక్క మనసు ఎక్కువ నొచ్చుకుంటుందని అనుకున్నాను. గడ్డపార పట్టుకుని నా చేతులతోనే పడగొట్టాను. ఆమె అరుగు మీద కూర్చుని ఆసాంతం చూసింది. మర్నాటి నుంచి నన్ను 'ఆఫీసర్ సాబ్' అని పిలవడం మొదలుపెట్టింది.

రేపు వెళ్తాను. వెళ్లాలి.

భరణి కార్తె, ఐదో రోజు

పొగ: లేదు. 2,929వ రోజు.
మొక్కలు: 921.

తవ్వి తీసిన కుండను సంకలో పెట్టుకుని వెళ్లాను. అక్క అరుగు మీద చింతకాయలు ఒలుస్తోంది. కళ్లల్లో పొర బాగా ముదిరింది. వాకిట్లో నిలబడింది ఎవరో పోల్చుకోవడానికి తల అటూ ఇటూ తిప్పింది. ఆపరేషనుకు పట్నం తీసుకుపోతామని ఆశా కార్యకర్త ఎన్నోసార్లు అడిగింది. పోతే చల్లమేడల్లోనే ఉంచేసుకుంటారని అక్క భయం.

"అక్కా," అన్నాను.

"ఆఫీసర్ సాబా? రాండ్రి, కూసోండ్రి. ఏం తప్పు జేసిన్నో చెప్పుండ్రి."

కుండను ఆమె ఒళ్లో పెట్టాను. చేత్తో తడిమింది. కణుపుతో ఒక్క దెబ్బ కొట్టింది. కంగుమంది. ఆమె ముఖం మీద నవ్వు వచ్చేసింది.

"మంచిగ కాలింది. బియ్యం వోసుకోండ్రి, పురుగు వట్టది."

"నీళ్లు బయటికి రావట్లేదక్కా. మొక్కలు చస్తున్నయ్."

"ఎట్లొస్తయ్? ఇంత గట్టిగ కాల్చినంక దాని ఒంట్ల సందు ఎక్కడుంటది? మట్టిల ఊక కలిపిన్రా? బూడిద కలిపిన్రా?"

"కలపలేదు."

"మంచిదని సంతకం ఎవరు వెట్టిన్రు?"

"నేనే."

అక్క చెయ్యి కుండ మీదే ఆగిపోయింది. తరువాత భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అవ్వ బతికుంటే నీ చెవి మెలివెట్టేది."

'నీ' అంది. ఎనిమిదేళ్ల తరువాత ఆ మాట విన్నాను. ఆమె కూడా గమనించినట్టుంది, వెంటనే సర్దుకుని మళ్లీ 'మీరు'లోకి వెళ్లిపోయింది. ఎన్ని కుండలు కావాలని అడిగింది. ఎనిమిది వందల యాభై చాలన్నాను.

"చేసుడు నాతోనైతది. చేతులకు కండ్లెందుకు? కాల్చుడెక్కడ? ఆవాన్ని మీరే పడగొడితిరి గద."

"మళ్లీ కడతా."

"ఎవరు కడుతరు?"

"నేనే. నా చేతులతోనే."

ఆమె చింతకాయల చేట పక్కకు జరిపింది. గోడవైపు తిరిగి, "మట్టి కుంటల నడుమకెల్లి తేవాలె, ఒడ్డుదొద్దు. ఒడ్డు మట్టి పనికిరాదు," అంది.

భరణి కార్తె, ఏడో రోజు

పొగ: లేదు. 2,931వ రోజు.
మొక్కలు: 907.

ఎండగంట మోగాక ఊరంతా పంచాయతీ చల్లగదిలోనే పడి ఉంటుంది కాబట్టి సభ పెట్టడానికి దండోరా అక్కర్లేదు. అక్కను కూడా చెయ్యి పట్టి తీసుకొచ్చారు. సంగతి చెప్పాను. ఆవం ఒక్కసారి కాల్చితే గాలికన్ను పట్టేస్తుంది. మండలం మొత్తానికి పొగలేని రోజుల లెక్క సున్నా అవుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే.

నేను రెండు రాత్రులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టుకుని వచ్చాను. గాలికన్నును ఏడాదికి ఒకరోజు తుడవడానికి కిందికి దించవచ్చు. ఈ ఏటి తుడుపు ఇంకా కాలేదు. ఆవం కాల్చే రోజునే దించితే సరి.

కిష్టమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇంత తెలివి నీకు ఎప్పటిసంది వచ్చింది బుచ్చన్నా!" అంది. గదిలో అందరూ తలలూపారు. ఎనిమిదేళ్లు నిజాయితీగా రాసిన చేత్తో ఈ మాట చెబుతున్నందుకు నాకు చెమటలు పట్టాయి, అందరూ మెచ్చుకుంటుంటే ఆ చెమట ఆరింది కూడా.

అక్క వెనక బెంచీ మీంచి మాట్లాడింది.

"దొంగమంట నేను వెట్టను."

అందరూ వెనక్కి తిరిగారు.

"మా అవ్వ కాల్చిందంటే ఊరందరికీ ఎర్కుండేది. పొగ లేస్తే బాలింతలు కూడా బయటికొచ్చి సూసేది, కుండలెప్పుడు దించుతరని. సాటుకు కాల్చే పని మా ఇంట్ల లేదు. నా కుండకు పొగుంటది. ఉందని ఆ బుక్కుల రాయాలె. రాసేదుంటే రేపటిసంది మట్టి తొక్కుడు మొదలువెడుదం. లేదంటే నేనూ అందరితోటే పట్నం పోత."

పట్నం పేరెత్తితేనే లేచి వెళ్లిపోయే మనిషి ఆ మాట అంది. కిష్టమ్మ నావైపు తిరిగింది.

"రాస్తే నీ నౌకరికి దెబ్బనేమో గద."

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఇంతవరకు అలా రాసినవాడు జిల్లాలో లేడు. కానీ తప్పుడు కుండలకు సంతకం పెట్టిన చెయ్యి నాదే. ఒప్పుకోవడానికి కూడా అదే చెయ్యి కావాలి. రాస్తానని చెప్పాను.

కృత్తిక కార్తె, మూడో రోజు

పొగ: లేదు. 2,941వ రోజు.
మొక్కలు: 861.

నడుము విరిగిపోతోంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆవం కట్టడం మొదలుపెట్టకూడదు. గోడ మూడుసార్లు లేపాను, మూడుసార్లూ అక్క చేత్తో తడిమి పడగొట్టించింది. మొదటిసారి వంకర. రెండోసారి గాలి పోయే దారి లేదు. మూడోసారి ఏం తప్పో చెప్పలేదు, "మల్ల కట్టుండ్రి" అంది. కక్ష తీర్చుకుంటోందేమో అని అనుమానం వచ్చింది. అయితే మాత్రం ఏం? తీర్చుకోనీ.

ఊరంతా ఆమె వాకిట్లోనే ఉంది. తెల్లారేలోపు కొందరు కుంట నడుమ నుంచి మట్టి తెస్తారు. కొందరు ఊక జల్లించి బూడిదతో కలుపుతారు. అక్క సారె ముందు కూర్చుంటుంది. పొర కమ్మిన కళ్లు ఎటో చూస్తుంటాయి, చేతుల మధ్య కుండ లేస్తుంటుంది. రోజుకు డెబ్బై. రెండు చెంబుల నీళ్లు పట్టే చిన్న కుండలు. పచ్చికుండలు పందిరి కింద వరసగా ఆరుతున్నాయి.

ఇవాళ కిష్టమ్మ సారె తిప్పబోయి ఒళ్లంతా మట్టి చేసుకుంది. అక్క చప్పుడు వినే, "సర్పంచమ్మా, నువ్వు ఊరును తిప్పు, దీన్ని నాకిడువు," అంది. నవ్వులతో పందిరి దద్దరిల్లింది. అక్క నవ్వుతుంటే నేను చూస్తూ ఉండిపోయాను. చేతిలోని మట్టి ఎండిపోయింది. మళ్లీ తడుపుకోవాల్సి వచ్చింది.

రోజూ ఐదారు మొక్కలు పోతూనే ఉన్నాయి. ఎవరూ ఆ మాట పైకి అనడం లేదు.

కృత్తిక కార్తె, పదో రోజు

పొగ: ఉంది.
మొక్కలు: 822.

తెల్లవారుతుండగానే ఆవం పేర్చడం పూర్తయింది. సర్కారుతుమ్మ కట్టెలు, పిడకలు, గడ్డి. వాటితోపాటు ఎండిన మొక్కలు కూడా. ఎవరి వంతు మొక్కలు వాళ్లే మోసుకొచ్చి పెట్టారు. ఒకాయన పెట్టే ముందు ఆ పుల్లను నిమిరాడు.

అక్క నిప్పు ముట్టించింది. మొదట సన్నగా తెల్లటి పొగ, తరువాత నల్లగా, లావుగా లేచింది. గాలికన్ను కూత మొదలుపెట్టింది. పంచాయతీ ఫోనులో మర గొంతు పలికింది: "మీ గ్రామంలో పొగ గమనించబడింది. కారణం తెలపండి. బీడీ అయితే ఒకటి, వంట అయితే రెండు, ప్రమాదం అయితే మూడు, ఇతరములు అయితే నాలుగు." నాలుగు నొక్కాను. "వివరం చెప్పండి," అంది. "మా అక్క కుండలు కాలుస్తోంది," అన్నాను. "ధన్యవాదములు," అంది.

పిల్లలు ఇంత పొగ ఎప్పుడూ చూసినవాళ్లు కాదు. నోళ్లు తెరుచుకుని చూశారు. ముసలివాళ్లు గాలి పీల్చుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. పొగ అవతలి వైపుకు పోతోంది కాబట్టి దాని మీదకు నెట్టడానికి కూడా వీల్లేదు. మా అమ్మ చీర కొంగు ఎప్పుడూ ఆ వాసనే వేసేది.

ఎండగంట మోగింది. అందరూ లోపలికి పోయారు. ఆవం దగ్గర నేనూ అక్కా మిగిలాం. తలలకు తడిగుడ్డలు చుట్టుకున్నాం. గోడకు వదిలిన కంతకు పెంకు అడ్డం పెట్టి ఉంది. ఆ పెంకు తీసి లోపలి రంగు చూసి ఎప్పుడు ఆపాలో చెప్పాలి. కాలిన తీరంతా ఆ రంగులోనే తెలుస్తుంది. అక్క వంగి చూసింది. మళ్లీ చూసింది. వెనక్కి జరిగింది.

"నాకు అగుపిస్తలేదు," అంది. ఆమె గొంతులో భయం వినడం నాకు అదే మొదలు. "ఎలుగు తెలుస్తుంది. రంగు తెలుస్తలేదు. నువ్వు సూసి చెప్పు తమ్మీ."

కంతలోకి చూశాను. "ఎర్రగుందక్కా."

"ఎరుపుల నూరు ఎరుపులుంటయ్. సక్కగ చెప్పు."

"పండు మిరపకాయ లెక్క."

"ఇంకా కాలేదు. పిడకలెయ్యి."

అలా పొద్దంతా అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. మిరపకాయ. తరువాత దానిమ్మ పువ్వు. మధ్యాహ్నం మూడు దాటాక లోపలి కుండలన్నీ ఒక్కసారిగా వేరే రంగుకు తిరిగాయి.

"మోదుగు పువ్వు," అన్నాను.

"నిన్న పూసిందా, ఇయ్యాల పూసిందా?"

"ఇయ్యాల. ఇప్పుడే పూసింది."

"నిజమేనా? తంగేడు పువ్వు దాంక వోనిచ్చినవంటే మల్ల ఆ పట్నం కుండలే అయితయ్."

ఇంకోసారి చూశాను. ఊరి బరువంతా నా రెండు కళ్ల మీద పడ్డట్టయింది. "నిజమే అక్కా. మోదుగు."

"అయితే కప్పెయ్యి."

ఇద్దరం కలిసి తడిమట్టితో కంత మూసేశాం. ఎనిమిదేళ్లు నేను పొగ కోసమే చూశాను. దాని కింద ఇంత చక్కటి రంగు ఉంటుందని మరిచిపోయాను.

రోహిణి కార్తె, మూడో రోజు

పొగ: లేదు. 7వ రోజు.
మొక్కలు: 790.

పంతొమ్మిది కుండలు పగిలాయి. మిగతావి కణుపుతో కొడితే మొద్దుగా పలుకుతున్నాయి. పాత కుండలన్నీ తీసి వీటిని పాతాం. సాయంత్రం నీళ్లు పోశాం. పొద్దున్నే కిష్టమ్మ దారి మీంచి అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. ఏమైందో అని అందరం బయటపడ్డాం.

"మూడు వేళ్లు దిగినయ్! నీళ్లు మూడు వేళ్లు దిగినయ్!"

తవ్వి చూశాం. కుండ బయట నల్లగా తడి పట్టింది. అక్క అరచేయి ఆ గోడకు ఆనించి, ఆ చేతిని చెంపకు రాసుకుంది. "సల్లగుంది," అంది.

మృగశిర కార్తె, మొదటి రోజు

పొగ: లేదు. 19వ రోజు.
మొక్కలు: 743.

నా లెక్క కాదు ఇది, పరిశీలకురాలి లెక్క. ఆమె పేరు ఆస్మా. ముప్పై ఏళ్లుంటాయి. నవ్వదు. ప్రతి మొక్క దగ్గరా వంగి, ఆకు లేనివాటి కాండాన్ని గోటితో గీరి చూసింది. కింద పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగు ఉంటే లేనట్టు. రెండు మైళ్లూ నడిచింది. ఊరంతా నాలుగు అడుగుల దూరంలో వెంట నడిచింది, ఒక్కరూ గట్టిగా ఊపిరి తీయలేదు. ఏడు వందల ఇరవై దాటినప్పుడు కిష్టమ్మ నా భుజం మీద గోళ్లు దించింది. ఇంకా మండుతోంది.

ఊరు ఉంటుందని ఆస్మా గారు కాగితం మీద రాసి ముద్ర వేశారు. జనం అరిచిన అరుపు రాయడం నాకు చేతకాదు.

ఆమె ఇంకో కాగితం తీసి నన్ను పక్కకు పిలిచారు.

"కృత్తిక పదో రోజున పొగ ఉందని మీరే రాశారు. దాచిపెట్టలేదు. అందుకు జరిమానా ఏమీ లేదు. కానీ నిబంధన ప్రకారం ఆవం ఉండటానికి వీల్లేదు. స్థానిక నీడ అధికారి మూడు రోజుల్లో దాన్ని తొలగించాలి."

"ఆ కుండల వల్లే చెట్లు బతికాయి, మేడం."

"తెలుసు. తడి నేనూ చూశాను. పైకి రాస్తాను. కానీ నిబంధన మార్చడం నా చేతిలో లేదు."

ఆమె తప్పు కూడా ఏమీ లేదు. ఎనిమిదేళ్ల కింద నేను కూడా సరిగ్గా అదే మాట అక్కతో అన్నాను. నిబంధన నా చేతిలో లేదని. కానీ గడ్డపార మాత్రం నా చేతిలోనే ఉండింది.

జేబులోంచి అధికారి బిళ్ల తీసి ఆమె ముందు పెట్టాను. పుస్తకంలోంచి ఖాళీ కాగితం చింపి రాజీనామా రాసిచ్చాను. రెండు వరుసలే. 

ఆమె ఆ కాగితం చదివారు. కలం తీసి తన నివేదికలో ఏదో రాసి, నాకు వినిపించేలా చదివారు.

"ఆవం తొలగించాల్సినది స్థానిక నీడ అధికారి మాత్రమే. ప్రస్తుతం ఆ పోస్టు ఖాళీగా ఉంది. భర్తీ అయిన వెంటనే ఉత్తర్వు అమలవుతుంది."

"ఎప్పటికి భర్తీ చేస్తారు మేడం?"

"రేపే రాస్తాను." గొడుగు తెరుచుకుంటూ బండివైపు నడిచారు. "మా ఆఫీసులో డ్రైవరు పోస్టు ఖాళీ అయినప్పుడు కూడా మర్నాడే రాశాను. ఆరేళ్లయింది. అప్పటి నుంచి బండి నేనే నడుపుకుంటున్నాను."

అప్పుడు నవ్వారు, కొంచెం.

మృగశిర కార్తె, రెండో రోజు

పై రెండు వరుసలు రాసే అధికారం ఇక నాకు లేదు. పుస్తకం తీసుకునే మనిషి రాలేదు కాబట్టి ఇది నా దగ్గరే ఉంది.

పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాను. కిష్టమ్మ ముందే వచ్చి అన్నీ చెప్పేసినట్టుంది. నేను నోరు తెరిచేలోపే అక్క అడిగింది.

"ఎన్ని వోయినయ్?"

బతికినవి అడుగుతుందనుకున్నాను. "నాలుగు వందల యాభై ఏడు," అన్నాను.

"వాటి జాగల్ల ఏం వెడుతరు?"

"వానలు పడ్డాక కొత్త మొక్కలు."

"మరి వాటికి కుండలొద్దా?" పందిరి కింద నానబెట్టిన మట్టి కుప్పను చూపించింది. "కాళ్లు కడుక్కొని రా. తొక్కు."

పంచె పైకి కట్టుకుని మట్టిలోకి దిగాను. చల్లగా ఉంది. చిన్నప్పుడు అమ్మ ఇద్దరినీ ఒకే కుప్పలో దింపేది. అక్క పక్కనే అరుగు మీద కూర్చుని ఊక జల్లిస్తోంది. 

"నౌకరి వోయిందని బాధైతుందా?"

"లేదక్కా."

"నాకు అయ్యింది. నువ్వు ఆవం పడగొట్టిన్నాడు." జల్లెడ ఆపలేదు. "ఆవం వోయిందని కాదు. ఆవందేముంది, మట్టే గద, మల్ల కట్టుకోవచ్చు. పరాయోడు వచ్చి పడగొడితే ఇంత తిట్టి, ఇంత ఏడ్సి ఊకుందును, తమ్ముడొచ్చి పక్కన కూసుంటడనుకుందును. నువ్వే వడితివి గడ్డపార. ఆనాడు ఏడ్సుటానికి పక్కన ఎవరూ లేకుండైరి నాకు."

నా కాళ్లు ఆగిపోయాయి. ఆమె పక్కన కూర్చోవాల్సినవాణ్ని నేనని ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. మట్టిలోంచి బయటికి వచ్చి, ఆ కాళ్లతోనే అరుగెక్కి ఆమె పక్కన కూర్చున్నాను. అక్క తల నా భుజం మీద ఆనించింది, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని నన్ను మోచేత్తో పొడిచింది.

"లే ఇగ. మట్టి గట్టివడుతది."